మూడున్నర అడుగుల ఆవిడకి సరైన బొమ్మ ఎక్కడ దొరుకుతుంది? (పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు)

పోయిన సంచికలో ఇండోనేషియాలోని ఫ్లోరెస్ దీవిలో ఒకప్పుడు బతికిన పొట్టి మనుషుల గురించి రాశాం కదా, దానికి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే మాట, వాళ్ళ బొమ్మ ఎక్కడ దొరుకుతుంది, దొరక్కపోతే ఎలా చేసుకోవాలి అని. నాకు చాలా సంతోషమేసింది, అందుకే ఈసారి మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నా.

ప్రశ్న: నేను తెనాలి దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో బయాలజీ టీచర్‌ని. సైన్స్ ఫెయిర్‌కి పిల్లలతో మనిషి పరిణామం మీద మోడల్ చేయిస్తున్నాను. లూసీ జాతి, హోమో ఎరెక్టస్, నియాండర్తల్ లాంటి పాతకాలపు మానవ జాతుల బొమ్మలు ప్లాస్టిక్ సెట్‌లో దొరికాయి. ఫ్లోరెస్ మనిషి మాత్రం దొరకలేదు. వాళ్ళకి ఇంగ్లీషు నవల్లోని పొట్టి మనుషుల పేరే ముద్దుపేరుగా పెట్టారు కదా, ఆన్‌లైన్లో ఆ "హాబిట్" అని వెతికితే కోటు వేసుకుని పైపు కాలుస్తున్న బొమ్మలు వస్తున్నాయి. మా పిల్లాడొకడు చిన్నపిల్లల బొమ్మ తెచ్చి జుట్టు అతికించేద్దాం మేడమ్ అంటున్నాడు. పర్లేదా అండి?

జవాబు: వద్దు టీచర్ గారూ, ఆ పని మాత్రం చెయ్యనివ్వకండి. ఆ పిల్లాడి మీద కోప్పడమని కాదు, పొట్టిగా ఉంటే పిల్లల్లాగే ఉంటారని ఎవరికైనా ముందు తట్టేది అదే, కానీ అది ఎందుకు తప్పో క్లాసులో చెప్తే మీ మోడల్ మొత్తానికి అదే మంచి పాఠం అవుతుంది.

2003 సెప్టెంబరులో లియాంగ్ బువా అనే గుహలో దాదాపు 6 మీటర్ల లోతున ఆ ఎముకలు బయటపడ్డాయి. అవి ఇంకా రాయిగా మారలేదు, తడిసిన బ్లాటింగ్ పేపర్‌లా మెత్తగా ఉన్నాయి, చెయ్యి తగిలితే విరిగిపోయేలా. నెయిల్ పాలిష్ తుడిచే ద్రవంలో జిగురు కలిపి పూసి గట్టిపరిచి జాగ్రత్తగా పైకి తీశారు. ముందు అందరూ చిన్నపిల్ల అనే అనుకున్నారు, మీ స్టూడెంట్ లాగే. తీరా దవడ చూస్తే జ్ఞానదంతాలు వచ్చేసి ఉన్నాయి, అరిగి కూడా ఉన్నాయి. అంటే 30 ఏళ్ళ పెద్ద మనిషి, స్త్రీ, ఎత్తు 106 సెంటీమీటర్లు. మన ఇళ్ళల్లో యూకేజీకి వెళ్ళే పిల్ల అంత ఎత్తన్నమాట. మైక్ మోర్‌వుడ్, థామస్ సుతిక్నా వాళ్ళ టీమ్ 2004 అక్టోబరులో ప్రపంచానికి చెప్పారు, హోమో ఫ్లోరెసియెన్సిస్ అని పేరు పెట్టారు.

ఇప్పుడు ఆ యూకేజీ పిల్లని, ఈవిడని పక్కపక్కన ఊహించుకోండి. ఎత్తు ఒకటే. పిల్ల తల పెద్దది, ఆ వయసుకే మెదడు దాదాపు పెద్దవాళ్ళంత పెరిగిపోయి ఉంటుంది. ఈవిడ మెదడు 426 మిల్లీలీటర్లు, అంటే పెద్ద బత్తాయి అంత, మన మెదడులో మూడో వంతు. పిల్ల నుదురు గుండ్రంగా ముందుకి ఉంటుంది, ఈవిడకి నుదురు వెనక్కి వాలిపోయి కళ్ళ మీద ఎముక గట్టు ఉంటుంది, కింద గడ్డం ముందుకి పొడుచుకు రాదు. పిల్ల చేతులు పొట్టి, ఈవిడ చేతులు పొడుగు, వేళ్ళు మోకాళ్ళ దగ్గరకి వచ్చేస్తాయి. ఆజానుబాహుడు అని రాముణ్ణి పొగుడుతాం కదా, ఈవిడ నిజంగానే ఆజానుబాహువు. ఇంక పాదాలైతే దాదాపు 20 సెంటీమీటర్లు, తొడ ఎముక పొడవులో 70 శాతం, అంత చిన్న మనిషికి అంత పెద్ద పాదాలు, నడిచేటప్పుడు మోకాలు మనకంటే కొంచెం ఎత్తుగా లేపి వెయ్యాల్సి వచ్చేది. కాబట్టి పిల్లల బొమ్మకి జుట్టు అతికిస్తే అది జుట్టున్న పిల్ల అవుతుంది, అంతే.

మీరే చేయించండి, కష్టం కాదు. పదో వంతు సైజు పెట్టుకోండి, లెక్క పిల్లలు నోటితోనే చెప్పేస్తారు. మొత్తం ఎత్తు 10.6 సెంటీమీటర్లు. తొడ 2.8, మోకాలి కింద 2.35, భుజం నుంచి మోచేతి దాకా 2.4, మోచేతి నుంచి మణికట్టు దాకా 2 పైన కాస్త, పాదం 2. సెంట్రింగ్ పని వాళ్ళ దగ్గర ఉండే బైండింగ్ వైరు రెండు ముక్కలు మెలిపెట్టి ఈ కొలతలకి వంచండి, అది అస్థిపంజరం. దాని మీద ఎం-సీల్ రెండు ముద్దలు రంగు తేడా కనపడకుండా బాగా పిసికి, కొంచెం కొంచెం పెట్టుకుంటూ రండి. ఒకేసారి మొత్తం పెడితే జారిపోతుంది, కాళ్ళు పెట్టి గట్టిపడ్డాక ఒళ్ళు, అది గట్టిపడ్డాక తల. వేళ్ళు నీళ్ళలో ముంచుకుంటూ రుద్దితే నున్నగా వస్తుంది, పిల్లలకి చేతి గ్లౌజులు తప్పనిసరి. భుజాలు మనలా వెనక్కి విరుచుకుని పెట్టకండి, కొంచెం ముందుకి పైకి లేచినట్టు ఉండాలి, ఆవిడ భుజం ఎముక తీరు అలాంటిది. నేను మొదటిసారి చేసినప్పుడు తల ఒక్కటే రెండు మిల్లీమీటర్లు ఎక్కువ పెట్టాను, అంతే, బొమ్మ మొత్తం స్కూల్ పిల్లలా అయిపోయింది, ఆకురాయితో ఒక సాయంత్రమంతా అరగదీస్తే గానీ ఆవిడ ముఖం రాలేదు.

రెండు మాటలు మర్చిపోకండి. ఒకటి, పక్కన అదే పదో వంతులో మన మనిషి బొమ్మ ఒకటి 16 సెంటీమీటర్లది నిలబెట్టండి, లేకపోతే పొట్టి అని ఎవరికీ అర్థం కాదు, ఆ ప్లాస్టిక్ సెట్‌లో బొమ్మలన్నీ ఒకే ఎత్తు ఉంటే వాటి పక్కన మాత్రం పెట్టకండి. రెండోది లేబుల్. పాత పుస్తకాల్లో 18 వేల ఏళ్ళ కిందటి దాకా బతికారని ఉంటుంది, మొదట అలాగే అనుకున్నారు, కానీ గుహలో మట్టి పొరల్ని మళ్ళీ పరీక్షించి 2016లో దిద్దారు. ఎముకలు లక్ష నుంచి 60 వేల ఏళ్ళ నాటివి, వాళ్ళ రాతి పనిముట్లు 50 వేల ఏళ్ళ కిందటి దాకా ఉన్నాయి. కొత్త లెక్కే రాయించండి.

ప్రశ్న: బెంగళూరులో సాఫ్ట్‌వేర్ జాబ్, హాబీగా స్కేల్ మోడల్స్ చేస్తాను బ్రో. లియాంగ్ బువా గుహ ముందు సీన్ ఒకటి డయోరమాగా చేద్దామని ఉంది, ఏ స్కేల్ అయితే బెటర్? ఫాంటసీ గేముల్లో వచ్చే హాఫ్‌లింగ్, గోబ్లిన్ లాంటి పొట్టి ఫిగర్స్ వాడి మేనేజ్ చెయ్యొచ్చా? ఒక సెల్లర్ దగ్గర "కేవ్‌మ్యాన్ హాబిట్" అని ఆర్డర్ పెడితే చెవులు మొనదేలిన గోబ్లిన్ వచ్చింది.

జవాబు: తమ్ముడూ, ఫాంటసీ ఫిగర్స్ జోలికి వెళ్ళకు. ఆ 28 మిల్లీమీటర్ల గేమింగ్ బొమ్మలకి టేబుల్ మీద దూరం నుంచి కూడా కనపడాలని తలలు, అరచేతులు కావాలనే పెద్దగా చేస్తారు, నీకు కావాల్సింది చిన్న తల. హాఫ్‌లింగ్ అంటే గుండ్రటి పొట్ట, గుండ్రటి తల, సరిగ్గా ఫ్లోరెస్ మనిషికి ఆపోజిట్.

నేను వాడే ఉపాయం చెప్తా. పెద్ద స్కేల్ సీన్‌లో చిన్న స్కేల్ ఆదిమానవుణ్ణి పెట్టు. 1/35లో, అంటే అసలు సైజులో 35వ వంతులో, 106 సెంటీమీటర్ల మనిషి 30 మిల్లీమీటర్లు వస్తాడు. 28 మిల్లీమీటర్ల బొమ్మ అంటే కంటి దాకా కొలత కదా, నెత్తి దాకా కలిపితే దాదాపు 30. అంటే ఆ స్కేల్ మామూలు కేవ్‌మ్యాన్ ఫిగర్ 1/35 సీన్‌లోకి తెస్తే ఎత్తు కరెక్టుగా సరిపోతుంది. అలాగే 1/72లో చేస్తే ఆవిడ 14.7 మిల్లీమీటర్లు, 15 మిల్లీమీటర్ల రేంజ్ బొమ్మలు దగ్గరగా వస్తాయి, నెత్తిన కొంచెం అరగదియ్యాలి అంతే. నా ఓటు 1/35కే, ఎందుకంటే చెయ్యి పెట్టడానికి కొంచెం జాగా ఉంటుంది. మోచేతి దగ్గర కోసి మధ్యలో పిన్ను పెట్టి పుట్టీతో మూడు మిల్లీమీటర్లు చెయ్యి పొడిగించు, తల అరగదీసి చిన్నది చెయ్యి, నుదురు వెనక్కి ఫైల్ చెయ్యి, గడ్డం చెక్కెయ్, పాదాలు కోసేసి కొత్తవి పెట్టు. పాదం 1/35లో ఐదున్నర మిల్లీమీటర్లు రావాలి. బొటనవేలు పొట్టిగా పెట్టు కానీ మిగతా వేళ్ళతో వరసలోనే ఉండాలి, కోతిలా పక్కకి తిప్పకు.

ఇంక సీన్. అసలు మజా అంతా ఇక్కడే ఉంది బ్రో. ఆ దీవి మీద మనుషులు చిన్నవాళ్ళు, కొంగ మాత్రం 1.8 మీటర్ల ఎత్తు, అంటే నీ స్కేల్‌లో 51 మిల్లీమీటర్లు, మనిషి దాని రొమ్ము దాకా కూడా రాదు. ఏనుగు జాతిలో స్టెగోడాన్ అనేది గేదె అంత. కొమొడో డ్రాగన్ 3 మీటర్లు, నీ బేస్ మీద 8.5 సెంటీమీటర్లు పడుకుంటుంది. ఒక ఎలక జాతి ఉంది, ఇప్పటికీ ఫ్లోరెస్‌లో బతికే ఉంది, ఒళ్ళే 40 సెంటీమీటర్ల పైన, మన పందికొక్కు దాని ముందు చిన్నదే. తవ్వకాల్లో దొరికిన జంతువుల ఎముకల్లో ఎక్కువ భాగం ఎలకలవే, కాబట్టి ఎలకలు పెట్టకుండా ఆ సీన్ చెయ్యకు. ఎలకల బొమ్మలు కొనక్కర్లేదు, పుట్టీ ముద్దకి సన్నటి రాగి తీగ తోక గుచ్చితే చాలు.

చలిమంట మాత్రం పెట్టొద్దు ప్లీజ్. అందరూ గుహ అనగానే మంట పెట్టేస్తారు. లియాంగ్ బువాలో మంట వాడినట్టు దొరికిన పొయ్యి జాడలు 41 వేల ఏళ్ళ నాటివి, అప్పటికి వీళ్ళు అక్కడ లేరు, అవి మనలాంటి మనుషులవి అని తేల్చారు. పెద్ద స్టెగోడాన్ మీద ఈటెలతో దూకుతున్నట్టు కూడా వద్దు, గుహలో దొరికిన స్టెగోడాన్ ఎముకలు ఎక్కువగా పిల్లలవి, వాటి మీద రాతి కత్తి గాట్లు ఉన్నాయి. చేతిలో చిన్న రాతి పెచ్చు పట్టుకుని కూర్చుని పిల్ల స్టెగోడాన్ కాలు కోస్తున్న ఇద్దరు, కొంచెం దూరంలో ఎప్పుడు లేస్తారా అని చూస్తున్న కొంగ, అది చాలు. పూర్తయ్యాక ఫొటో పంపు, ఎదురు చూస్తా.

ప్రశ్న: నేను ఎనిమిదో తరగతి చదువుతున్నాను. ఆవిడకి ఏ రంగు వెయ్యాలి? ఒళ్ళంతా జుట్టు ఉండేదా?

జవాబు: ఎముకలు చర్మం రంగు చెప్పవు తల్లీ. ఆ ఎముకల్లోంచి డిఎన్ఏ తియ్యాలని ప్రయత్నించారు, రాలేదు, అక్కడ వేడి, తడి ఎక్కువ కదా. మ్యూజియంలలో నిలబెట్టిన బొమ్మల్లో కూడా ముక్కు, పెదవులు, జుట్టు అన్నీ కళాకారులు ఆలోచించి పెట్టినవే. భూమధ్య రేఖకి దగ్గరగా ఎండలో బతికిన వాళ్ళు కాబట్టి ముదురు గోధుమ రంగు వెయ్యి, బాగుంటుంది. జుట్టు నీ ఇష్టం, కానీ ఒళ్ళంతా దట్టంగా జుట్టు పూస్తే పొడుగు చేతులు, పెద్ద పాదాలు కనపడకుండా పోతాయి, నువ్వు అంత కష్టపడి కొలిచి చేసింది అదే కదా, అందుకని పల్చగా వెయ్యి.

ప్రశ్న: రాజమండ్రి నుంచి రాస్తున్నాను. రిటైర్డ్ తెలుగు మాస్టార్ని. పురాణాల్లో వాలఖిల్యులని బొటనవేలంత మునులు 60 వేల మంది ఉన్నారు. ఫ్లోరెస్‌లో కూడా ఎబు గోగో అనే పొట్టి మనుషుల కథలు చెప్పుకుంటారని మీరే రాశారు. ఈ కథలన్నీ ఆ పొట్టి మనుషుల జ్ఞాపకాలేనంటారా? ఇంకో మాట, మా అల్లుడు డాక్టరు, అది ఏదో జబ్బు వల్ల తల ఎదగని మనిషి ఎముక అయ్యుంటుంది గానీ వేరే జాతి కాదంటాడు.

జవాబు: మాస్టారూ నమస్కారం. ముందు అల్లుడు గారి మాట. ఆయన అన్నది తేలిగ్గా కొట్టేసే మాట కాదండి, 2004 నుంచి చాలా ఏళ్ళు పెద్ద పెద్ద శాస్త్రవేత్తలే ఆ మాట అన్నారు, మైక్రోకెఫలీ అని, ఇంకా రకరకాల జబ్బుల పేర్లు చెప్పారు. కానీ 2007లో ఆవిడ మణికట్టు ఎముకలు చూస్తే మనలా లేవు, నియాండర్తల్‌లా కూడా లేవు, చింపాంజీలకీ పాతకాలపు వాళ్ళకీ ఉండే తీరులో ఉన్నాయి, తల ఎదగని జబ్బు మణికట్టుని అలా మార్చదు. తర్వాత అదే దీవిలో మాతా మెంగే అనే చోట 2014లో ఇంకా చిన్న దవడ, పళ్ళు దొరికాయి, 7 లక్షల ఏళ్ళ నాటివి. అక్కడే దొరికిన ఒక జబ్బ ఎముక గురించి 2024లో చెప్పారు, ఆ మనిషి ఎత్తు మీటరు మాత్రమే. 7 లక్షల ఏళ్ళ పాటు ఒకే దీవి మీద అందరికీ ఒకే జబ్బు ఉండదు కదండీ. చిన్న దీవి, తిండి కొంచెం, పెద్ద పులులు లేవు, అలాంటి చోట పెద్ద ఒళ్ళు బరువే గానీ లాభం లేదు, అందుకే ఏనుగులు చిన్నవయ్యాయి, సిసిలీలో అయితే మీటరు ఎత్తు ఏనుగులే ఉండేవి. మనుషులకీ అదే జరిగిందని ఎక్కువమంది ఒప్పుకునే మాట, మొదటి నుంచీ చిన్నగా ఉన్న పాత జాతి నుంచే వచ్చారనే వాళ్ళూ ఉన్నారు.

కథల సంగతికొస్తే నేను ఒప్పుకోలేనండి, మీ మీద గౌరవంతోనే చెప్తున్నా. 50 వేల ఏళ్ళు ఒక కథ నోటి మీద నిలవడం చాలా కష్టం, పొట్టి మనుషుల కథలు లేని దేశమే లేదు, పొట్టి మనుషుల ఎముకలు మాత్రం అన్ని చోట్లా లేవు. మన దేశంలో నర్మద ఒడ్డున హత్నోరాలో 1982లో అరుణ్ సొనాకియా గారికి దొరికిన పుర్రె ముక్కే ఇప్పటికీ పెద్ద ఆధారం, ఫ్లోరెస్ లాంటి మనిషి ఇక్కడ దొరకలేదు. కానీ మీకు ఇంకో దగ్గరి సంగతి చెప్తాను, ఇది కథ కాదు. నంద్యాల జిల్లా జ్వాలాపురంలో మట్టి కింద తెల్లటి బూడిద పొర ఉంది, 74 వేల ఏళ్ళ కిందట సుమత్రాలో టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు గాలిలో వచ్చి పడింది. ఆ బూడిదకి కిందా పైనా రాతి పనిముట్లు దొరికాయి. అంటే లియాంగ్ బువాలో ఆ పొట్టి మనుషులు బతికున్న కాలంలోనే మన రాయలసీమలో ఎవరో కూర్చుని రాయి చెక్కుకుంటున్నారు, ఇద్దరిదీ ఒకే ఆకాశం. నాకైతే వాలఖిల్యుల కంటే ఈ సంగతి తలుచుకున్నప్పుడే ఒళ్ళు పులకరిస్తుంది మాస్టారూ.

ప్రశ్న: వైజాగ్. ఫ్లోరెస్ మనిషి చేశాం, ఫిలిప్పీన్స్ పొట్టి మనిషి హోమో లుజోనెన్సిస్‌ని కూడా చేద్దామనుకుంటున్నాం, కొలతలు చెప్తారా?

జవాబు: కొలతలు లేవు, అందుకని బొమ్మ చెయ్యకండి. కల్లావో గుహలో దొరికినవి మొత్తం 13 ముక్కలు, 7 పళ్ళు, కొన్ని చేతి కాలి వేళ్ళ ఎముకలు, ఒక తొడ ముక్క, కనీసం ముగ్గురివి. 2007లో పాదం ఎముక ఒకటి దొరికింది, 2019లో జాతికి పేరు పెట్టారు. దవడ పళ్ళు మనవాటి కంటే చిన్నవి, వేళ్ళ ఎముకలు చెట్లెక్కే వాళ్ళలా వంపు తిరిగి ఉన్నాయి, తెలిసింది ఇంతే. ఆ 13 ముక్కల్ని అసలు సైజులోనే చేసి ఒక ట్రేలో ఇసక పోసి పరచండి. నిలబడ్డ బొమ్మ కంటే ఆ ట్రే ముందు జనం ఎక్కువసేపు ఆగుతారు, నేను చూశాను. మనిషి బొమ్మే కావాలంటే దక్షిణాఫ్రికాలో దొరికిన పాత మానవ జాతి హోమో నలెడి చెయ్యండి, 15 మందికి పైగా ఎముకలు దొరికాయి, ఎత్తు 145 సెంటీమీటర్లు అటూ ఇటూ, వాటి త్రీడీ స్కాన్లు మార్ఫోసోర్స్ అనే వెబ్‌సైట్‌లో ఫ్రీగా దొరుకుతాయి, పుర్రెని ప్రింట్ కూడా చేయించుకోవచ్చు.

ప్రశ్న: డల్లాస్‌లో ఉంటాం. ప్రతి దసరాకి బొమ్మల కొలువు పెడతాను, ఏటా ఒక థీమ్. ఈ ఏడు మా అబ్బాయి ఫ్లోరెస్ ఆవిడని పెట్టమని పట్టుబట్టాడు. కొలువులో పెట్టొచ్చా? ఇండియా వచ్చినప్పుడు కొండపల్లిలో చేయించుకోవచ్చా?

జవాబు: తప్పకుండా పెట్టండమ్మా. మెట్ల మీద దేవుళ్ళుంటారు, కింద పక్కన పల్లెటూరు, పార్కు పెడతాం కదా, అక్కడ ఆ దీవిని పెట్టండి. మట్టి పోసి మెంతులో ఆవాలో చల్లి మొలకెత్తించుకుంటే అడవి తయారు.

కొండపల్లి మంచి ఆలోచన. అక్కడ తెల్ల పొణికి చెక్కతో ఒళ్ళు, చేతులు, కాళ్ళు విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపం పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు, ఎండబెట్టి సుద్ద పూసి రంగులేస్తారు. చేతులు విడిగా చేస్తారు కాబట్టి పొడుగ్గా కావాలంటే వాళ్ళకి కష్టమేం కాదు. కానీ ఫొటో ఒక్కటే చూపిస్తే వాళ్ళ చెయ్యి అలవాటు కొద్దీ గుండ్రటి పెద్ద తల, పెద్ద కళ్ళు వచ్చేస్తాయి, అందుకని పక్క నుంచి గీసిన బొమ్మ అసలు సైజులో కాగితం మీద గీసి ఇవ్వండి, తల ఎంతుండాలో దాని మీదే పెట్టి చూసుకోమనండి. ఏనుగు అనగానే అంబారీ ఏనుగు ఇచ్చేస్తారు, ఎంత ముద్దొచ్చినా దాన్ని ఆవిడ పక్కన పెట్టకండి. పదో వంతు సైజులో ఆవిడ 10.6 సెంటీమీటర్లు, ఏనుగు వీపు దాకా 13, కొంగ 18, ఈ మూడు అంకెలు ఆ కాగితం మీద పెద్దగా రాయండి. కొంగ ఏనుగు కంటే ఎత్తా అని వాళ్ళు మళ్ళీ ఫోన్ చేసి అడుగుతారు, అవును అనే చెప్పండి.